ఆడవాళ్ళు తీసిన ఫ్రెంచి క్రైమ్ సినిమాలల్ల కోరిక ఎవరికి ఆయుధం?

నల్లగొండ వకీలమ్మ:
నల్లగొండ కోర్టుల ప్రాక్టీసు నాది, ఎక్కువ విడాకుల కేసులే. మొన్న ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ చూసిన, జస్టీన్ త్రియే తీసింది, 2023ల కాన్ సినిమా పండుగల అన్నిటికంటె పెద్ద అవార్డు పామ్ దోర్ వచ్చిన సినిమా. మొగడు మేడమీదికెల్లి పడి సచ్చిండు, నేరం పెండ్లాం మీద. ఎర్ర గౌను ఏసుకున్న సర్కారు వకీలు ఏంజేస్తడంటే, ఆమె రాసిన నవల తీసి చదువుతడు, ఆడవాళ్ళతోని సంబంధాలు లాగుతడు, మొగడు చాటుకు రికార్డు చేసిన కొట్లాట అందరికీ వినిపిస్తడు. ఆయన ఎట్ల పడ్డడో గట్టి సాక్ష్యం లేదు, ఆమె కోరికలతోని మాత్రం ఫైలు నిండింది.

నాకు తెలిసిన క్రాసే ఇది, అంటే ఎదుటి వకీలు గుచ్చిగుచ్చి అడిగే ప్రశ్నలు. లైంగికదాడి కేసుల బాధితురాలి పాత సంబంధాలు ఒప్పుకోలుకు రుజువు కావని 2013ల సాక్ష్య చట్టంల చేర్చిండ్రు. విడాకుల కేసుల ఆ అడ్డం లేదు. “రాత్రి పదకొండింటికి ఫోన్ ఎవలది?” అంటే ఆమె నోరు పడిపోతది.

పాత క్రైమ్ సినిమాలల్ల ఆడది అందం చూపి మగోణ్ణి ముంచుతది. ఇండ్ల ఆమె కోరికే ఆమె మీదికొస్తున్నది. త్రియే ఒక్కతేనా, ఇంకెవలన్న గిట్ల తీసిండ్రా?

పాలమూరు శీను:
అక్కా, నికోల్ గార్సియా ‘ప్లాస్ వాందోమ్’ చూడు. మాది బంగారం పనోళ్ళ ఇల్లు, నాకు అందుకే పట్టేసింది. నగల వ్యాపారి భార్య, తాగుడుకు బానిస, ఇంట్ల ఎవ్వరూ లెక్కజెయ్యరు. మొగడు పోయినంక దాచిన వజ్రాలు దొరుకుతయి. ఒకప్పుడు రాళ్ళ బేరాలు చేసిన మనిషాయె, మళ్ళ బయటికొస్తది. మోసం చేసిన పాత ప్రియుడు ఇప్పుడు వయసుపిల్ల పక్కన ఉంటడు. ఈమె బలం వయసు కాదు, రాయి చూసి ధర చెప్పే కన్ను. కాథరీన్ దెన్యూవ్‌కు 1998ల వెనిస్‌ల ఉత్తమ నటి అవార్డిచ్చిండ్రు.

దేవరకొండ టీచర్:
ఆడవాళ్ళు తీస్తే ఆడవాళ్ళంతా బాధితులే అనుకోకుండ్రి. కాథరీన్ బ్రెయా ‘లాస్ట్ సమ్మర్’ల వకీలమ్మనే తప్పు చేస్తది. పిల్లల మీద దాడుల కేసులు వాదించేటామె, పదిహేడేళ్ళ సవతి కొడుకును వాడుకుంటది. పోరడు నోరు విప్పితే అబద్ధమాడి వాణ్ణే దొంగను చేస్తది. మేడం, మీకు కోపమొస్తది.

నల్లగొండ వకీలమ్మ:
టీచర్ సార్, అది చూసిన, కోపం ఆమె మీద కాదు, నా మీదొచ్చింది. కోర్టుల నిన్నేమడుగుతరో అని ఒక పిల్లను ముందే తయారుజేస్తదిగదా, ఆ ప్రశ్నలు నేనూ అడుగుత. ఎవలి మాట నిలుస్తదో ఎరిగినామె, ఆ ఎరుకనే పోరడి మీద వాడింది. త్రియే సినిమాల ఆ బలం సర్కారు వకీలుది, ఇండ్ల ఆమెది, అంతే తేడా. అందుకే బ్రెయాదే నాకు ఎక్కువ నిజమనిపించింది.

శీనూ, నీ వజ్రాల సినిమా సబ్‌టైటిల్సుతోని యాడ దొరుకుతదో జెప్పు. ఐతారం కోర్టు లేదు.