తుంటి ఇంప్లాంట్ వదులైంది, కల్చర్ నెగటివ్: మెటాస్టాసిస్ (వేరేచోటి క్యాన్సర్ ఎముకకు పాకడం) అనుమానించాలా?

ఆర్థో_పీజీ
నమస్తే సార్. తుంటి కీలు మార్చి 7 ఏళ్లయిన పేషెంట్. 4 నెలలుగా తొడ నొప్పి, పడుకున్నా తగ్గదు, రాత్రిళ్లు మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో లెస్సర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో లోపలి బొడిపె) దగ్గర స్టెమ్ (ఎముకలోకి దిగే ఇంప్లాంట్ కాడ) పక్కన ఎముక కరిగింది. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కాస్త ఎక్కువ, కీలు నీళ్ల కల్చర్ నెగటివ్ (సూక్ష్మజీవి పెరగలేదు). గతంలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స అయింది. అసెప్టిక్ లూజనింగ్ (ఇన్ఫెక్షన్ లేకుండా వదులవడం) అనుకుని ఇంప్లాంట్ మార్చే రివిజన్‌కు తేదీ ఇచ్చేశారు. ఇంత అరుదైనదాని గురించి ఆలోచించాలా? ముందు ఏమేం చూడాలి?

ఫిల్మ్_రీడర్
తప్పకుండా ఆలోచించాలి. ముందు పాత ఫిల్ములన్నీ తెప్పించి వరసగా పెట్టి చూడండి. లైనర్ (కప్పులోని ప్లాస్టిక్ పొర) అరిగి వచ్చే ఆస్టియోలిసిస్ (ఎముక కరగడం) ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, అంచు స్పష్టంగా ఉంటుంది. మెటాస్టాసిస్ నెలల్లోనే పెరుగుతుంది, అంచు చెదిరి ఉంటుంది, ఎముక బయటి గట్టి పొరైన కార్టెక్స్‌ను తినేస్తుంది, పక్కన మెత్తటి గడ్డ కూడా కనిపించవచ్చు.

ఇంకోటి: కప్పులో బాల్ ఎక్కడుందో చూడండి. లైనర్ అరిగితే బాల్ పైకి జరిగి ఒక పక్కకు ఒరుగుతుంది. బాల్ నట్టనడుమే ఉండి ఎముక మాత్రం కరుగుతుంటే, అంత ప్లాస్టిక్ పొడి ఎక్కడి నుంచి వచ్చినట్టు? టేపర్ (బాల్, స్టెమ్ కలిసే చోటు) దగ్గర తుప్పు కావచ్చు, కాబట్టి రక్తంలో కోబాల్ట్, క్రోమియం చూడండి. అదీ కాదంటే కణితి వైపే చూడాలి.

ఎముకలో 30 నుంచి 50 శాతం ఖనిజం పోయేదాకా ఎక్స్‌రేలో మచ్చ తెలియదు. మెటల్ ఆర్టిఫాక్ట్ (లోహం వల్ల చిత్రం చెదరడం) తగ్గించే సీక్వెన్సులతో తొడ ఎముక మొత్తానికి ఎమ్మారై తీయించండి. స్టెమ్ కొనకు కింద ఇంకో మచ్చ ఉంటే రివిజన్ ప్లానే మారిపోతుంది.

కీళ్ల_సర్జన్
సీఆర్‌పీ క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. కల్చర్‌కు ముందు 2 వారాలు యాంటీబయాటిక్ ఆపారా? కల్చర్ ప్లేటును 14 రోజులు ఉంచారా? ఆ రెండూ జరగకపోతే ఆ నెగటివ్‌ను నమ్మొద్దు.

కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, సీబీసీ, సీరం ప్రొటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్ పంపండి, మైలోమా (ఎముక మజ్జలోని క్యాన్సర్) కూడా అచ్చం ఇలాగే వస్తుంది. తర్వాత ఛాతీ, పొట్ట, పెల్విస్ సీటీ లేదా పెట్ సీటీ. ఇన్ఫెక్షన్, లూజనింగ్ ఉన్నా పెట్‌లో తుంటి వెలుగుతుంది. మనకు కావలసింది శరీరంలో ఇంకెక్కడ వెలుగుతోందనేది.

అప్పుడు బయాప్సీ, తర్వాతి సర్జరీలో పెట్టబోయే కోత గీత మీదుగానే. రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉంది కదా అని ఇది అదేనని అనుకోవద్దు. తెలియకుండా కెనాల్ (ఎముక లోపలి గొట్టం) రీమ్ చేసి (తొలిచి) సిమెంటు పోశాక అది సార్కోమా (అక్కడే పుట్టిన క్యాన్సర్) అని తేలితే, తొడ ఎముకంతా కణితి కణాలు పాకించినట్టే. కాలు దక్కే అవకాశం మన చేతులతోనే పాడుచేసినవాళ్లమవుతాం.

ఆర్థో_పీజీ
సర్జరీ మధ్యలో ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కను గడ్డకట్టించి వెంటనే చూసే పరీక్ష) పంపితే చాలదా సార్?

స్లైడ్_డెస్క్
బయాప్సీకి బదులు కాదండి. పైగా రిక్విజిషన్ మీద 'ఇన్ఫెక్షన్ ఉందా' అని మాత్రమే రాస్తే చూసేవాళ్లు న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌లో చేరే తెల్ల కణాలు) లెక్కపెట్టడం మీదే దృష్టి పెడతారు. క్యాన్సర్ చరిత్ర, ఎక్స్‌రే ఫైండింగ్ రెండూ రాయండి.

రివిజన్‌లో వేర్వేరు చోట్ల నుంచి కనీసం 5 ముక్కలు కల్చర్‌కు, స్టెరైల్ డబ్బాల్లో. హిస్టాలజీ ముక్కలు విడిగా 10 శాతం ఫార్మలిన్‌లో. అన్నీ ఫార్మలిన్‌లో వేశారంటే కల్చర్ పోయినట్టే, అక్కడ సూక్ష్మజీవి బతకదు. మెత్తటి కణజాలాన్ని ఎముక ముక్కలతో కలపకుండా ఇంకో డబ్బాలో పంపండి. ఎముకను ఘాటైన యాసిడ్‌తో డీకాల్సిఫై చేస్తే (కాల్షియం తీసి మెత్తబరిస్తే) ఈఆర్, హెర్2 (రొమ్ము క్యాన్సర్ రకం చెప్పే పరీక్షలు) ఫలితాలు దెబ్బతింటాయి, ఆంకాలజిస్టు మందు ఎంచుకోవడానికి కావలసినవి అవే. ఎముక తప్ప మరేమీ దొరకకపోతే యాసిడ్‌కు బదులు మెల్లగా కాల్షియం తీసే ఈడీటీఏ వాడమని ముందే చెప్పండి.

కీళ్ల_సర్జన్
మెటాస్టాసిస్ అని తేలితే ఎముక పెరిగి పట్టుకునే అన్‌సిమెంటెడ్ స్టెమ్ మీద ఆధారపడొద్దు. రేడియేషన్ పడ్డాక ఎముక సరిగా ఎదగదు. మచ్చలన్నీ దాటి కిందికి దిగే పొడవాటి సిమెంటెడ్ స్టెమ్ లేదా ప్రాక్సిమల్ ఫీమర్ రీప్లేస్‌మెంట్ పెడితే మర్నాడే కాలు మోపించవచ్చు. మూలం కిడ్నీ అయితే రక్తం ధారగా పోతుంది, 24 నుంచి 48 గంటల ముందు ఎంబొలైజేషన్ (కణితికి వెళ్లే రక్తనాళాలు మూయడం) చేయించండి. గాయం మానాక, సాధారణంగా 2 నుంచి 4 వారాలకు, రేడియేషన్. ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించాలి, దవడ ఎముక చచ్చుబడే ప్రమాదముంది.

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ తేదీ వాయిదా వేయించండి. ఈలోపు వాకర్ ఇచ్చి ఆ కాలి మీద బరువు పడకుండా చూడండి, పల్చబడిన కార్టెక్స్ మంచం దిగేటప్పుడు మెలిపడినా విరగొచ్చు.