చిట్టడవిలో పొదలు తీసేస్తే కౌజులకు మేలా, కీడా?

రేగుపొద:
కడప జిల్లా బీళ్లలో పొదలు మరీ దట్టంగా అల్లుకుపోయాయని, వాటిని జేసీబీతో తీయించి గడ్డి పెరగనిస్తే నేల మీద తిరిగే కౌజు పిట్టలు, పూరేళ్లు పెరుగుతాయని కొందరు అంటున్నారు. గింజలూ చెదపురుగులూ ఏరుకు తినే పక్షికి తిరగడానికి తెరిపి నేల కావాలి కనుక ఈ వాదన నాకు సబబుగానే తోస్తోంది.

బీడుభూమి:
తెరిపి కావాలన్నంత వరకు మీతో నాకు పేచీ లేదు. అయితే కౌజు పగలంతా నేల మీద తిరిగినా, పొద్దుగూకగానే ముళ్లపొద మీదికో పొట్టి చెట్టు మీదికో చేరి పడుకుంటుంది. గుడ్లు మాత్రం పొద మొదట్లో, నేల మీదే పెడుతుంది. పొదలన్నీ తీసేస్తే మేత మిగలవచ్చు గానీ, డేగ కంటికీ ఊరకుక్కకూ అడ్డేముంటుంది?

ఈ బీళ్లలో బతికే అరుదైన కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్) కౌజులా జనం వేటాడే పక్షి కాదు గానీ, ఆ నేలకు చెందిన సాక్ష్యం దానిదే. 1900 తరువాత జాడలేకుండా పోయి, 1986లో కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికిన ఆ పక్షి రాత్రిపూట తప్ప తిరగదు కాబట్టి, పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మన్ను పట్టీలుగా పరచి, తెల్లవారాక వాటిపై కాలిముద్రలు వెతికారు. హెక్టారుకు 2 మీటర్లు దాటిన పొదలు 300 నుంచి 700 దాకా, అంతకన్నా పొట్టివి 1000 లోపు ఉన్న చోటే దానికి అనువని తేలింది.

రేగుపొద:
ఆ లెక్క నా వాదననే బలపరుస్తోంది కదండీ! 700 దాటినచోట కొన్ని తీయవలసిందే.

బీడుభూమి:
కొన్ని తీయడం వేరు, చదును చేయడం వేరు. కట్టెలు కొట్టేవాళ్లూ గొర్రెల కాపరులూ అక్కడక్కడా తెరిపి చేస్తూ వచ్చిన నేలలోనే ఈ పక్షి నిలిచింది. 2005లో తెలుగుగంగ కాలువ కోసం దింపిన యంత్రాలు మాత్రం దాని నెలవులనే చెరిపాయి.

ఏ మొక్కను తీస్తున్నామన్నదీ చూడాలి. అమెరికాలోని వయోమింగ్‌లో జనం వేటాడే సేజ్ గ్రౌస్ అనే పక్షికి మేలవుతుందని సేజ్ పొదలను కోసీ, మందు చల్లీ పలచబరిచి, ఏళ్ల తరబడి గమనించినా ఆశించిన మేలు కనబడలేదు. చలికాలమంతా ఆ పక్షికి ఆ పొద ఆకే ఆహారం మరి. ఆరెగాన్‌లో సేజ్ నేలలోకి చొరబడిన జునిపర్ చెట్లను కొట్టేస్తే మాత్రం అదే పక్షి తిరిగి వచ్చి గూళ్లు పెట్టింది. అందుకే బయటినుంచి చొరబడిన సర్కారు తుమ్మను తీస్తామంటే నేను అడ్డుచెప్పను. రేగును, కలివి పొదను మాత్రం ముట్టుకోకూడదు. జేసీబీ తొట్టికి ఆ తేడా తెలియదు, పైగా తిరగేసిన మట్టిలో ముందుగా లేచేది సర్కారు తుమ్మే.

రేగుపొద:
సరే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే కౌజు ముఖ్యంగా గుడ్లుపెట్టే కాలంలో, పని ఆపి, మిగతా నెలల్లో కత్తితోనే కొట్టిస్తే ఒప్పుకుంటారా?

బీడుభూమి:
ఒప్పుకుంటాను. ఏ పొద ఉంచాలో ఏది కొట్టాలో ముందుగా గుర్తులు పెట్టేది కూలి మాట్లాడుకున్న గుత్తేదారు కాకుండా, ఆ బీడులో తిరిగే కాపరులై ఉండాలన్నదే నా షరతు.