గ్రీకు, లాటిన్ చదివినాయనకి సూపర్‌ఫ్లూయిడ్ మీద నోబెల్ ఎలా వచ్చింది?

బ్యాక్‌బెంచ్_ఎమ్మెస్సీ:
ఆంథనీ లెగెట్ గురించి చదువుతుంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన మొదటి డిగ్రీ క్లాసిక్స్ అని ఉంది, అంటే గ్రీకు, లాటిన్, ఫిలాసఫీ. అలాంటాయనకి హీలియం-3 థియరీకి 2003లో ఫిజిక్స్ నోబెల్! మన దగ్గర ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోకపోతే ఇక అంతే కదా, ఈయనకెలా కుదిరింది? ఇంకో డౌటు, హీలియం-4 2.17 కెల్విన్ దగ్గరే సూపర్‌ఫ్లూయిడ్ (ఏ రాపిడీ లేకుండా పారే ద్రవం) అయిపోతుంటే హీలియం-3ని మిల్లీకెల్విన్ల (కెల్విన్‌లో వెయ్యో వంతు) దాకా ఎందుకు చల్లబరచాలి?

చల్లని_కబుర్లు:
క్లాసిక్స్ అయ్యాక అక్కడే మళ్లీ మొదట్నుంచి ఫిజిక్స్ డిగ్రీ చేశాడండి. వాళ్ల నాన్న సైన్స్ మాస్టారు, పైగా స్కూల్లో ఉన్నప్పుడు లెక్కల ప్రొఫెసర్‌గా రిటైరైన ఓ చర్చి ఫాదర్ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు, కాబట్టి మరీ ఓనమాల నుంచి కాదు.
హీలియం-4 బోసాన్, అంటే ఎన్ని అణువులైనా ఒకే స్థితిలో చేరిపోగలవు, దానికి ఏ జతా అక్కర్లేదు. హీలియం-3 ఫెర్మియాన్, అంటే ఏ రెండూ ఒకే స్థితిలో ఉండలేవు, అందుకే సూపర్‌కండక్టర్‌లో (నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థం) ఎలక్ట్రాన్లలాగా ముందు జతకట్టాలి, ఆ బంధం ఎంత బలహీనమంటే రవ్వంత వేడికే తెగిపోతుంది.

ల్యాబ్_రాత్రులు:
అసలు మజా 1972లో ఉంది బ్రో. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో లీ, ఆషెరాఫ్, రిచర్డ్‌సన్ ముందు ఏడాది చివర్లో ప్రెషర్ గ్రాఫ్‌లో చిన్న వంపు చూసి, అది ఘన హీలియం తాలూకు అనుకుని అలాగే పేపర్ వేసేశారు, తర్వాత ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో న్యూక్లియస్‌లు ఏ ఫ్రీక్వెన్సీకి స్పందిస్తాయో చూసే పరీక్ష) చేస్తే మార్పు ద్రవంలో అని తేలింది, పైగా ఫ్రీక్వెన్సీ ఉండాల్సిన చోట లేకుండా పక్కకి జరిగింది. అప్పటికి లెగెట్ ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీలో ఉన్నాడు, ఈ ఫీల్డ్ వదిలేసి క్వాంటమ్ మెకానిక్స్ పునాదుల వైపు పోదామనుకుంటున్నాడు. ఈ డేటా చూసి ఫిజిక్స్ సూత్రాలే ఇక్కడ పనిచేయట్లేదేమో అని కూడా అనుమానపడ్డాడు! ఎందుకంటే రెండు న్యూక్లియస్‌ల మధ్య అయస్కాంత శక్తి కెల్విన్‌లో కోటో వంతు, 2.7 మిల్లీకెల్విన్ వేడి ముందు అదెంత? కానీ జతలన్నీ ఒకే దిక్కుకి తిరిగుంటే రథం తాడు ఊరంతా ఒకేసారి లాగినట్టు ఆ చిన్న చిన్న శక్తులన్నీ కలిసిపోతాయి, అక్కడ దొరికింది లెక్క.

బ్యాక్‌బెంచ్_ఎమ్మెస్సీ:
సూపర్ అన్నా. మరి ఆ పునాదుల పని వదిలేశాడా?

ల్యాబ్_రాత్రులు:
ఎక్కడ వదిలాడు, 1981లో తన స్టూడెంట్ కల్దేరాతో కంటికి కనిపించే సైజు సర్క్యూట్‌లో క్వాంటమ్ టనెలింగ్ (దాటే శక్తి లేకపోయినా అడ్డుగోడ అవతలికి చేరిపోవడం) మీద పేపర్ వేశాడు. బర్క్‌లీలో క్లార్క్, డెవరే, మార్టినిస్ సూపర్‌కండక్టర్ జంక్షన్‌లో దాన్ని చేసి చూపించారు, 2025 ఫిజిక్స్ నోబెల్ వాళ్లకే.

చల్లని_కబుర్లు:
ఎంపీసీ సంగతి మాత్రం అలా వదిలేయకండి, ఇక్కడ ఐసర్‌లు (కేంద్ర ప్రభుత్వ సైన్స్ కాలేజీలు) ప్లస్ టూలో సైన్స్ అడుగుతాయి, లెగెట్ పేరు చెప్తే సీటివ్వరు 😄