స్పానిష్ అంకెలు చెవికి ఎక్కట్లేదు, ఎట్ట నేర్చుకోవాల?

చీమకుర్తి_గుమాస్తా:
అందరికీ నమస్తే. చీమకుర్తిలో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చేస్తుండా. ఈమధ్య మెక్సికో నుంచి, స్పెయిన్ నుంచి గెలాక్సీ రాయికి (మా ఊరి నల్ల గ్రానైట్) ఫోన్లు వస్తన్నాయి, వాళ్ళు ఇంగ్లీష్‌లోనే మొదలుపెడతారు గానీ కొలతల దగ్గరకొచ్చేసరికి తెలీకుండానే వాళ్ళ భాషలోకి జారిపోతారు. నాకేమో ఉనో, దోస్, త్రేస్, క్వాత్రో అని దియెస్ దాకా ఎక్కాలు అప్పజెప్పినట్టు వచ్చు, ఫోన్‌లో మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. పోయిన వారం 60 స్లాబులు అన్నదాన్ని 70 రాసుకున్నా. సెసెంతా అన్నాడో సెతెంతా అన్నాడో ఎవడికి తెలుసు? ప్రొఫార్మా (సరుకు పంపకముందు పంపే బిల్లు) చూసి ఆ పార్టీ వాళ్ళే దిద్దారు కాబట్టి బతికిపోయా, మా ఓనర్ మాత్రం ఇప్పటికీ నన్ను "ఏమయ్యా సెతెంతా" అనే పిలుస్తుండాడు. ఇంకోటి, స్పెయిన్ ఆయన 5ని థింకో అంటాడు, మెక్సికో ఆయన సింకో అంటాడు, ఎవరిది కరెక్ట్?

కావలి_కాఫీ:
ఇద్దరిదీ కరెక్టే తమ్ముడూ. స్పెయిన్‌లో ఎక్కువ భాగం సి అక్షరం తర్వాత ఇ, ఎ వస్తే థ అన్నట్టు నాలుక పళ్ళ మధ్యకి తెస్తారు, జెడ్‌కి కూడా అంతే, అందుకే వాళ్ళకి 10 దియెథ్. అట్లాంటిక్ దాటితే అంతా స. నువ్వు స అన్నా స్పెయిన్ వాళ్ళకి అర్థమవుద్ది, వినేటప్పుడు మాత్రం రెండూ తెలిసుండాల.
పలకడంలో మనకి ఇంగ్లీష్ వాళ్ళ కంటే సులువే. వాళ్ళ టీ, డీ అక్షరాలు మన త, ద లాంటివే. కానీ మనం ఇంగ్లీష్ అక్షరం కనబడగానే ట, డ అనేస్తాం, అక్కడ పడతాం. టమాటా వాళ్ళకి తొమాతె. హెచ్ రాస్తారు గానీ పలకరు, హోటల్ అంటే ఓతెల్. వి రాసినా బ లాగే పలుకుతారు, 9 న్వెబె, 20 బెయింతె. జె అక్షరం గొంతులోంచి గట్టిగా హ.
ర రెండు రకాలు. మామూలు ర మన ర నే. రెండు ఆర్‌లు పక్కపక్కన ఉంటే మాత్రం బండి ఱ. పెరో అంటే "కానీ", పెఱ్ఱో అంటే కుక్క. మా తాత గుఱ్ఱం అనేటప్పుడు నాలుక దడదడలాడేది చూడు, అదే. రాకపోతే బండి తోలేటోళ్ళు ఎడ్లని అదిలించే చప్పుడు చేస్తా అలవాటు చేసుకో, ఇంట్లో వాళ్ళు తిట్టినా పర్లేదు.

ఏపీ_ఇరవయ్యారు:
అసలు సమస్య పలకడం కాదు భయ్యా, నువ్వు 10 దగ్గరే ఆగిపోయావు. వాళ్ళు ఫోన్ నంబర్లు కూడా చాలాసార్లు మనలాగా ఒక్కో అంకె చెప్పరు, జతలుగా చెప్తారు, 55 12 అంటే సింకుయెంతా ఇ సింకో, దోసె. (తినే దోసె కాదు, 12.) అందుకని 99 దాకా నోటికి రావాల.
11 నుంచి 15 దాకా ఓన్సె, దోసె, త్రెసె, కతోర్సె, కిన్సె, ఇవి గుడ్డిగా బట్టీ కొట్టేయ్. 16 మన పదహారు లాగే పది మీద ఆరు, దియెసిసెయిస్. 21 నుంచి 29 దాకా కలిపి ఒకే మాట, 31 నుంచి మధ్యలో "ఇ" వస్తది, త్రెయింతా ఇ ఉనో. హిందీలో 100 దాకా ఒక్కోదానికి ఒక్కో పేరు నేర్చుకున్న బాధతో పోలిస్తే ఇదెంత.
నీ 60, 70 గొడవకి చిట్కా. 6 సెయిస్, అందులో రెండు స లు, సెసెంతాలోనూ రెండు స లు. 7 సియెతె, అందులో త ఉంది, సెతెంతాలో స పక్కన త. ఇక మర్చిపోవు.
నేను నెల్లూరులో బైకు మీద పోతా ముందు బండి నంబరు చదివేవాణ్ణి. పాత ఏపీ 26 బండి అయితే బెయింతిసెయిస్, మీ ఒంగోలు 27 అయితే బెయింతిసియెతె, వెనక నాలుగంకెలు రెండు జతలు. సిగ్నల్ పడేలోపు చెప్పాల. నెల రోజులు చేశా, ఒకసారి ముందున్న ఆటోని గుద్దబోయా కూడా, నువ్వు బస్సులో కూర్చొని చేయ్.

కావలి_కాఫీ:
ఇంకోటి మర్చిపోయా, నీ పనికి ఇదే ముఖ్యం. స్పెయిన్ వాళ్ళు చుక్క, కామా మనకి తిరగేసి రాస్తారు. 1.250 అని ఉంటే అది వెయ్యిన్ని రెండొందల యాభై, మనమేమో ఒకటింపావు అని చదివేస్తాం. 54,60 చదరపు మీటర్లంటే యాభైనాలుగున్నర పైచిల్లర. మెక్సికో వాళ్ళు మాత్రం మనలాగే రాస్తారు. వందల్లో 500 కినియెంతోస్, 700 సెతెసియెంతోస్, 900 నోబెసియెంతోస్, ఈ మూడూ దారి తప్పిన పిల్లలు. వెయ్యి ఉత్త మిల్, ముందు ఒకటి పెట్టరు. లక్ష అనే మాట లేదు, సియెన్ మిల్, అంటే వంద వేలు.

ఒంగోలు_గిత్త:
మన ఒంగోలు జాతి ఎద్దుల్ని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు కదా, ఆడ కూడా ఇదే భాషేనా అన్నా, గొప్పగా రెండు ముక్కలు మాట్లాడదామని.

ఏపీ_ఇరవయ్యారు:
ఆడ పోర్చుగీస్ సామీ. పరాగ్వే, బొలీవియాలో కూడా నెలోర్ ఉంది, ఆడికి పోయి మాట్లాడు.

చీమకుర్తి_గుమాస్తా:
థాంక్స్ అన్నలూ. స స, స త అని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించా. కానీ లైన్ సరిగ్గా లేకపోతే స, త ఒకేలా వినబడతాయి, అప్పుడేం చేయాల?

కావలి_కాఫీ:
"ఓత్రా బెస్, పోర్ ఫబోర్" అను, ఇంకోసారి చెప్పండి అని. అప్పటికీ డౌటుంటే అంకెలు విడగొట్టి అడుగు, "సెయిస్ సేరో?" అని. 60 అయితే సి అంటారు, అంటే అవును. కాకపోతే వాళ్ళే సియెతె సేరో అని దిద్దుతారు.

చీమకుర్తి_గుమాస్తా:
ఇవాళ మెక్సికో ఫోన్‌లో అట్టనే అడిగా, సెయిస్ సేరో అంటే ఆయన నవ్వి సి సి అన్నాడు. ఓనర్ పక్కనే ఉండి విని, ఈసారి "ఏమయ్యా సెసెంతా" అన్నాడు.