కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఇళ్ల బొగ్గు పొయ్యిలు నిషేధించాలా?

ముక్కుసూటి: ఇక్కడ మెడిసిన్ చదివే మనవాళ్లందరికీ తెలిసిందే. చలికాలం వచ్చిందంటే ఊరి పక్కనున్న ‘అలా-తో’ కొండలు మాయం, కిటికీ తుడిస్తే గుడ్డంతా నల్లటి మసి. ఇళ్లలో బొగ్గు కాల్చడం వెంటనే ఆపించాలి.

చలిగాలి: 1961 నుంచి నడుస్తున్న థర్మల్ ప్లాంట్ ఊళ్లోనే ఉంది. అదీ బొగ్గుదే. దాన్ని వదిలేసి బీదాళ్ల పొయ్యిల మీద పడతారేం?

ముక్కుసూటి: ప్లాంట్ గొట్టాలు చాలా ఎత్తు, పొగ పైకి పోతుంది. ఇళ్ల గొట్టాలు కప్పులకు కాస్త పైనే. చలికాలంలో వెచ్చటి గాలి పైన మూతలా పరుచుకుంటుంది, కింది పొగ కదలదు.

చలిగాలి: మళ్లీ గొట్టాలేనా? ప్లాంట్‌లో బొగ్గు కాలడం లేదా, చెప్పు.

బెజవాడ_డాక్టర్: తమ్ముళ్లూ, ఎన్95 మాస్క్ వాడండి. డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం గాలిలో పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నటి ధూళి) రోజు సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు.

గోదారిగట్టు: కరెంటు హీటర్లు పెట్టుకోవచ్చుగా?

చలిగాలి: కరెంటులో పెద్ద వాటా టోక్తోగుల్ రిజర్వాయర్‌ది అన్నా. అక్కడ నీళ్లు తగ్గితే చలికాలంలో కటకటే.

ముక్కుసూటి: నాకు ఆస్తమా. పోయిన జనవరిలో క్లాసులకు వెళ్లలేకపోయా, అటెండెన్స్ తగ్గిందని కాలేజీ వాళ్లు ఫైన్ కట్టించుకున్నారు. నీకు అందరి మీదా జాలే, నా ఊపిరి మాత్రం పట్టదు!

చలిగాలి: నువ్వు చదువైపోగానే విమానం ఎక్కేస్తావు. నేను అద్దెకుండేది అక్-ఓర్గో కాలనీలో. పల్లెల నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఇళ్లు ఇవి. ఓనరమ్మది పెన్షన్ బతుకు. బొగ్గు బస్తాలు అయిపోతే కుట్టు షాపుల గుడ్డపేలికలు కాలుస్తుంది. ఆ పొగ ముందు పీల్చేది ఆమే.

ముక్కుసూటి: ఆమెను చలిలో పడేయమని నేనన్నానా? గ్యాస్ ఇవ్వమంటున్నా.

చలిగాలి: ఆ మాట ఇప్పుడంటున్నావు. గ్యాస్ లైను వీధి చివరిదాకా వచ్చింది. ఇంట్లోకి కనెక్షన్, బాయిలర్ సొంత డబ్బుతో పెట్టుకోవాలట. ఆమె ఎక్కడ తెస్తుంది?

ముక్కుసూటి: ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టాలి, ఒప్పుకుంటా. కానీ బొగ్గు ఆపడానికి గడువు పెట్టాల్సిందే. గడువు లేకుంటే ప్రభుత్వమూ కదలదు.

చలిగాలి: ముందు బాయిలర్ బిగించనీ, అప్పుడు గడువు. నువ్వు చెప్పే వరసలో ఫైన్ పడేది ఓనరమ్మకే, ప్రభుత్వానికి కాదు.