గండికోట దగ్గర కాటేజీలు, టెంట్లు మళ్లీ తెరవాల: హైపో పాళ్లు, బాత్రూములు, సంపు, అడ్వాన్సులు ఎట్ల?

పెన్నాగట్టు, జమ్మలమడుగు. నవంబరు 2020

అన్నలందరికీ నమస్కారం. గండికోట దోవలో మావి 4 కాటేజీలు. పక్కన చదును చేసిన జాగాలో 10 టెంట్లు పడతాయి. కరోనా లాక్‌డౌన్‌కు మార్చిలో మూసినవి మూసినట్లే ఉన్నాయి. ఇప్పుడు బెంగుళూరు, హైదరాబాదు నుంచి శని, ఆదివారాలకు ఫోన్లు మొదలైనాయి.

తెలిసినవాళ్లు చెప్పండి. కేంద్రం జూన్‌లో హోటళ్లకిచ్చిన నిబంధనలు మాలాంటి చిన్నవాళ్లకూ వర్తిస్తాయా? టెంట్లకు వేరేవి ఉన్నాయా? బ్లీచింగు, హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ మందునీళ్లు) ఏ పాళ్లలో కలపాల, టెంట్ల మీద కొట్టొచ్చునా? టెంట్లలో దిగేవాళ్లందరికీ కలిపి 3 బాత్రూములే ఉన్నాయి, వాటిని ఎట్ల నడపాల? 5 వేల లీటర్ల సంపులో నీళ్లు ఇన్ని నెలలుగా నిలవ ఉన్నాయి. దిగినవాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే ఏం చేయాల? అడ్వాన్సు ఇచ్చి రాలేకపోయినవాళ్ల సంగతి కూడా.

---

ఫైలు_కట్ట, కడప

వర్తిస్తాయి. నేను చెప్పేవన్నీ ఈ 2020 నవంబరు నాటి రూల్సు. జూన్ 4న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన కరోనా జాగ్రత్తల జాబితా, అంటే ఎస్‌ఓపీ హోటళ్లతో పాటు ఆతిథ్యం ఇచ్చే అన్ని యూనిట్లకూ. జూన్ 8 నుంచి, కంటైన్‌మెంట్ జోన్లు (కేసులున్నాయని కట్టడి చేసిన వీధులు, ఊర్లు) కాని చోట్ల, తెరవొచ్చు. టెంట్ల గురించి అందులో విడిగా ఏమీ లేదు. లేదు కదా అని వదిలేయకండి, ఒక్కో టెంటునూ ఒక్కో గదిగా లెక్కపెట్టుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా అట్లే చూస్తారు.

వాళ్లు ముందు అడిగేది రిజిస్టరు. పేరు, ఫోను, గుర్తింపు కార్డు, ఎక్కడి నుంచి వచ్చినారు, ఆరోగ్యం ఎట్లుంది, దానికి సొంత డిక్లరేషన్ మీద సంతకం. బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము కూడా రాయించుకోండి. తర్వాత ఎవరికైనా పాజిటివ్ వస్తే ఎవరెవరు ఒకేసారి ఉన్నారో తేల్చేదానికి ఈ రెండు టైములే పనికొస్తాయి. గేటు దగ్గర థర్మల్ స్క్రీనింగు, చేతులకు శానిటైజరు. సామాను గదికి పోకముందే తుడవాల. అతిథి ఖాళీ చేసిన ప్రతిసారీ గది శుభ్రం చేయాల. పిల్లల ఆట జాగా మూసి పెట్టాల. భోజనం కూర్చోబెట్టి పెడితే సగం సీట్లే. ఈతకొలను ఎవరికైనా ఉంటే అది ఇంకా తెరవకూడదు, అన్‌లాక్ 5లో (లాక్‌డౌన్ సడలింపు అయిదో విడతలో) క్రీడాకారుల శిక్షణకు మాత్రమే ఒప్పుకున్నారు.

65 దాటినవాళ్లు, గర్భిణులు, 10 ఏళ్ల లోపు పిల్లలు, దీర్ఘ రోగాలున్నవాళ్లు ఇంట్లోనే ఉండాలన్నది సలహానే, నిషేధం కాదు. ముసలివాళ్లతో వస్తే టెంటు ఇయ్యకుండా విడి బాత్రూము ఉన్న కాటేజీ ఇయ్యండి.

ఒకటి మరవద్దు. మీ ఊరో, ఆ వీధో కంటైన్‌మెంట్ అని కలెక్టరు ఉత్తర్వు వచ్చిందంటే ఆ రోజుకారోజే మూత. గ్రామ సచివాలయంలో ప్రతి శుక్రవారం పొద్దున ఒక ఫోను చేసి కనుక్కోండి, వాట్సాప్‌లో తిరిగే పాత జాబితాలు నమ్మొద్దు. నిబంధన మీరితే విపత్తు నిర్వహణ చట్టం 51 నుంచి 60 సెక్షన్లు, ఐపీసీ 188 (ప్రభుత్వ ఉత్తర్వు మీరినందుకు) పెడతారు.

---

గుగ్గిళ్ల_సంచి, అనంతపురం

రూల్సు పైనన్న చెప్పినాడు, నేను మందుల లెక్క చెప్తా.

తుడిచేదానికి 1 శాతం హైపో కావాల. కొన్న డబ్బా మీద శాతం చూడండి. 5 శాతం ఉంటే ఒక పాలు హైపో, 4 పాళ్లు నీళ్లు. 10 శాతం ఉంటే ఒక పాలుకు 9 పాళ్లు. మన ఎండకు క్యాన్లో హైపో బలం తొందరగా పోతుంది కాబట్టి పాత క్యాన్ అయితే నీళ్లు తగ్గించండి, కలిపింది ఏ రోజుదారోజు వాడేయండి. ఇనుప బకెట్ వద్దు, ప్లాస్టిక్‌దే.

బ్లీచింగ్ పౌడరైతే, 30 శాతం క్లోరిన్ ఉన్నదానికి, లీటరుకు 33 గ్రాములు. ముందు కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, అరగంట పక్కన పెట్టి పైన తేరిన నీళ్లే వాడండి. అడుగున మిగిలేది సున్నం. దాన్ని స్ప్రేయర్‌లో పోస్తే నాజిల్ మూసుకుపోతుంది, తుడిస్తే నల్ల కడప బండ మీద తెల్లగా చారలు కడుతుంది. చెమ్మ పట్టి గడ్డకట్టిన బస్తా సగం ధరకు ఇచ్చినా తీసుకోవద్దు, అందులో క్లోరిన్ మిగిలి ఉండదు.

హైపో కంటే ముందు సబ్బునీళ్లు. జిడ్డు, మట్టి ఉన్నచోట హైపో కొడితే క్లోరిన్ అంతా ఆ మురికికే ఖర్చవుతుంది. సబ్బుతో తుడిచి, తర్వాత హైపో రాసి 10 నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ల గుడ్డతో తుడిచేయాల. గొళ్లేలు, కొళాయిలు, స్విచ్చులు, టీవీ రిమోటు వీటికి హైపో వద్దు. తుప్పు పడుతుంది, స్విచ్చుల్లోకి తడి పోతే ఇంకో ప్రమాదం. 70 శాతం ఆల్కహాలుతో గుడ్డ తడిపి తుడవండి.

బాత్రూం కడిగే యాసిడు, హైపో రెండూ ఒకే పూట వాడనీయొద్దు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని బాత్రూములో మనిషి పడిపోతాడు. పైగా యాసిడ్ పడితే కడప బండ నురగ పొంగి గరుకైపోతుంది, ఇంక దాంట్లో మురికి నిలుస్తుంది.

దుప్పట్లు, దిండు గలీబులు తెల్లవే పెట్టుకోండి. 60 డిగ్రీల వేడినీళ్లలో సర్ఫ్‌తో ఉతకాల. వాషింగ్ మిషను లేకుంటే వేడినీళ్లు, సబ్బులో కర్రతో తిప్పి, తర్వాత 0.05 శాతం క్లోరిన్ నీళ్లలో అరగంట నానబెట్టి, జాడించి ఎండలో వేయండి. లీటరుకు గ్రామున్నర పౌడరు అన్నమాట. ఉతికేముందు దుప్పట్లు దులపకూడదు, ఉన్నదున్నట్టు చుట్టి తీయాల.

టెంట్ల మీద హైపో కొట్టనే వద్దు. నైలాన్ బలం పోతుంది, లోపలి వాటర్‌ప్రూఫ్ పూత పొరలుగా ఊడుతుంది, కుట్ల దగ్గర చినుగుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని స్పాంజి, నీడలో గాలికి ఆరబెట్టడం. జిప్పు పట్టుకునే చోట ఆల్కహాలు గుడ్డ. ఒకరు వాడిన టెంటు 3 రోజులు ఎవరికీ ఇయ్యకుంటే సరిపోతుంది.

---

ఓర్వకల్లు_బండ, కర్నూలు

గేటు దగ్గర ఫాగింగ్ మిషను గానీ, వచ్చినవాళ్ల మీద మందు కొట్టే టన్నెల్ గానీ పెడితే నమ్మకం కుదురుతుంది కదన్నా? తుంగభద్ర పుష్కరాలు నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా ఉన్నాయి, ఇక్కడ చాలామంది వాటి కోసమే ఈ మిషన్లు బేరమాడుతున్నారు.

---

గుగ్గిళ్ల_సంచి

వద్దు. మనుషుల మీద క్రిమిసంహారకం చల్లొద్దని ఆరోగ్యశాఖ ఏప్రిల్ 18నే చెప్పింది. కళ్లు, చర్మం మండుతాయి, దాంతో లోపలున్న వైరస్ ఏమీ పోదు. ఆ డబ్బుతో ప్రతి బాత్రూముకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, కాలితో తొక్కే చేతులు కడిగే డ్రమ్ము రెండు పెట్టుకోండి.

---

గాలిమర_కింద, తాడిపత్రి

హైపో గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ, ఈ కరోనా ఎక్కువగా మనిషి నుంచి మనిషికి గాలిలోనే పోతుంది. కాబట్టి ఖర్చు, తెలివి రెండూ గాలి మీద పెట్టాల.

కాటేజీలో స్ప్లిట్ ఏసీ బయటిగాలి తేదు, లోపలి గాలినే తిప్పుతుంది. ఎస్‌ఓపీలో ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 40 నుంచి 70 శాతం అని ఉంది. నవంబరు, డిసెంబరులో మన దగ్గర ఏసీ పనేముంది, ఎదురెదురు కిటికీలు తీసి ఫ్యాను వేయండి. దోమలకు జాలీ కొట్టించండి, లేకుంటే రాత్రి అన్నీ మూసేస్తారు. కూలరైతే కిటికీలో వెనకభాగం బయటికి ఉండాల, గది మధ్యలో పెడితే ఉన్న గాలినే చెమ్మ చేస్తుంది. బాత్రూము ఎగ్జాస్ట్ ఎప్పుడూ తిరుగుతుండాల.

బుకింగుల్లో చిన్న కిటుకు ఉంది. మీ గిరాకీ అంతా వారాంతమే కాబట్టి సోమవారం నుంచి గురువారం దాకా గ్యాప్ దానంతటదే వస్తుంది. చిక్కల్లా శుక్రవారం దిగి శనివారం పోయేవాళ్లు, అదే రోజు అదే గదిలో దిగేవాళ్లు. అందుకని కొన్ని కాటేజీలు శుక్రవారానికి, మిగతావి శనివారానికి కట్టుబెట్టండి, లేదంటే రెండు రాత్రుల బుకింగే తీసుకోండి. ఖాళీ అయిన గది కిటికీలు తీసి వదిలేసి, మరుసటి రోజు ఊడ్చండి. పనిమనిషిని వెంటనే లోపలికి పంపకండి, ఆమెకు కదా ముందు అంటేది.

3 బాత్రూములతో 10 టెంట్లు నడవవు. అతిథులకు 6 వేయండి. రెండు టెంట్లకు ఒక బాత్రూము, తాళంచెవికి రంగు తాడు కట్టి, ఆ రెండు టెంట్లకూ అదే రంగు గుడ్డ కట్టండి. బకెట్, మగ్గు మాత్రం టెంటుకొకటి విడిగా ఇయ్యాల, బాత్రూములో పెట్టి ఉంచొద్దు. ఒకరు బయటికి వచ్చినాక పావుగంట తలుపు తీసి ఉంచాల. కమోడ్ అయితే మూత వేసి ఫ్లష్ చేయమని తలుపు లోపల తెలుగు, కన్నడ రెండింట్లో రాసి అంటించండి. దీన్నొక్కదాన్ని అందరూ చదువుతారు, కూర్చున్నచోట ఎదురుగా ఉంటుంది కదా!

టెంటుకూ టెంటుకూ మధ్య 10 అడుగులు తక్కువ కాకుండా వదలండి. ఆరడుగులు మనుషుల మధ్య దూరం, టెంట్ల తాళ్లే అంత జాగా తింటాయి. ఒక టెంటులో ఒకే ఇంటివాళ్లు. పైన గాలి కన్నాలు మూయొద్దు. లోయ అంచుకు దూరంగానే వేయండి, రాత్రి అక్కడ గాలి ఎట్ల కొడుతుందో మీకు చెప్పక్కరలేదు. చలిమంట చుట్టూ అన్ని గుంపులూ చేరి పాటలు పెట్టుకోవడం ఈ సీజనుకు మానుకోండి. శానిటైజర్ సీసా మంట దగ్గరికి, గ్యాసు పొయ్యి దగ్గరికి తేనీయొద్దు.

భోజనం బఫే పెట్టకుండా సంగటి, పులుసు, ఊరిబిండి ఎవరివి వాళ్లకు విస్తరాకుతో సహా గంపలో సర్ది టెంటు ముందర స్టూలు మీద పెట్టి రండి.

అందరూ మరిచేది డ్రైవర్లను. రాత్రి డ్రైవర్లందరినీ ఒకే రేకుల షెడ్డులో పడుకోబెడతారు, తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్లు. మిగిలిన 4 టెంట్లు వాళ్లకు ఇయ్యండి, టెంటుకొకరు.

---

తెల్లకోటు_సందు, ప్రొద్దుటూరు

థర్మల్ గన్ను 'బాడీ' మోడ్‌లో ఉందో లేదో చూడండి, 'సర్ఫేస్' మోడ్‌లో పెడితే అందరికీ తక్కువ చూపిస్తుంది. ఎండలో నడిచొచ్చినవాళ్ల నుదురు ఎక్కువ చూపిస్తుంది, ఏసీ కారులో నుంచి దిగినవాళ్లది తక్కువ. చెట్టు కింద 10 నిమిషాలు కూర్చోబెట్టి, చెమట తుడిచి చూడండి. గన్ను కూడా అదే నీడలో ఉండాల. 100.4 ఫారెన్‌హీట్ దాటితే లోపలికి తీసుకోవద్దు. దగ్గు, వాసన తెలియకపోవడం, ఒళ్లునొప్పులు కూడా అడగండి, మాత్ర వేసుకొని వచ్చినవాళ్లకు గన్ను ఏమీ చూపించదు.

దిగినాక జ్వరమొస్తే: బాత్రూము లోపలే ఉన్న కాటేజీ ఒకటి ఎప్పుడూ ఖాళీగా పెట్టుకొని ఉండాల. అందులోకి మార్చి, మాస్కు ఇచ్చి, కిటికీలు తీసి, 104కు ఫోన్ చేయండి. పల్స్ ఆక్సీమీటరులో 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా 108. గోళ్లరంగు, చల్లటి వేళ్లు ఉంటే ఆక్సీమీటరు తప్పు చూపిస్తుంది, వేలు రుద్ది వేడిచేసి చూడండి. మీరే కారెక్కించి ఊరికి పంపేయకండి, అధికారులు చెప్పిందాకా ఆగాల.

వాడిన మాస్కులు కాగితపు సంచిలో 72 గంటలు పక్కన పెట్టి, తర్వాత కత్తిరించి పొడి చెత్తలో వేయాల. కత్తిరించకుంటే ఎవరో ఒకరు ఉతికి మళ్లీ అమ్ముతారు.

---

పెన్నాగట్టు

అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. డ్రైవర్ల సంగతి నిజంగా తట్టలేదు. సంపు, అడ్వాన్సు మిగిలినాయి.

---

గుగ్గిళ్ల_సంచి

సంపు: పాతనీళ్లు తోడేసి, గోడలు బ్రష్షుతో కడిగి, మళ్లీ నింపండి. 5 వేల లీటర్లకు 30 శాతం పౌడరు సుమారు 830 గ్రాములు, పైన చెప్పినట్లు తేర్చి పోయాల. అది లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. ఆర్‌ఓ ఫిల్టరుకు పోయే పైపు ముందే విప్పేయండి, లేకుంటే మెంబ్రేన్ చెడిపోతుంది. మోటరేసి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, ప్రతి కొళాయిలో క్లోరిన్ వాసన వచ్చిందాకా వదిలి కట్టేయండి. రాత్రంతా ఉంచి పొద్దున అన్నీ వదలండి. ఆ నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోనీయొద్దు, లోపలున్న సూక్ష్మజీవులు చచ్చి ట్యాంకు కంపు కొడుతుంది. చెట్ల పాదుల్లోకీ వద్దు. ఒక గుంతలోకి మళ్లించి రెండు మూడు రోజులు ఎండకు వదిలేయండి. తర్వాత రోజువారీకి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల పౌడరుతో మొదలుపెట్టి, గంట తర్వాత క్లోరోస్కోపులో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూపే పరికరం) లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండేట్టు సరిచేసుకోండి. షవర్ తలలు విప్పి కడగండి, సోలార్ హీటరు నీళ్లు ఒకసారి 60 డిగ్రీలు దాటించి వదిలేయండి. నిలవ వేడినీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, అది వేరే న్యుమోనియా.

---

ఫైలు_కట్ట

అడ్వాన్సుకు మూడు ముక్కలు రసీదు మీదే రాసేయండి. ప్రభుత్వ ఉత్తర్వుతో మూతపడితే మొత్తం వాపసు. వచ్చేవాళ్లకు జ్వరమో, వాళ్ల వీధి కంటైన్‌మెంటో అయితే 6 నెలల్లో తేదీ మార్పు, లేదా వాపసు, వాళ్లిష్టం. ఊరికే మానుకుంటే ఎంత పట్టుకుంటారో అంకెతో రాయండి. రెండో దాంట్లో వాపసు ఇయ్యమని గట్టిగా ఉంటే ఏమవుతుందంటే, డబ్బు పోతుందని జ్వరం దాచిపెట్టి వస్తారు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అడ్వాన్సుకు రసీదు వోచరు, తిరిగిచ్చినప్పుడు రిఫండ్ వోచరు రాయాల. 2020 నవంబరు నాటికి గది రోజుకు 1000 రూపాయల వరకు పన్ను లేదు, 1001 నుంచి 7500 దాకా 12 శాతం. టర్నోవరు 20 లక్షలు దాటక రిజిస్ట్రేషన్ లేనివాళ్లు యాప్‌ల ద్వారా గదులిస్తే ఆ పన్ను యాప్ వాళ్లే కట్టాల, మీరు మళ్లీ అతిథి దగ్గర వసూలు చేయకూడదు. మార్చిలో తీసుకొని ఇంకా తేల్చని అడ్వాన్సులుంటే కొత్త బుకింగులు తీసుకోకముందే వాళ్లకు ఫోన్ చేసి తేదీలు ఇచ్చేయండి. డిసెంబరు శనివారాలు నిండినాక వాళ్లకు చోటు దొరకదు, రివ్యూల్లో మొదట రాసేదీ వాళ్లే.