వేడిచేసినా ఆంఫోటెరిసిన్-బి ఎర్రకణాలను చిట్లిస్తూనే ఉంది

గుంటూరులో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా, శిలీంధ్రపు కణపొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వుతో పాటు కొంతవరకు మన కణాల కొలెస్టరాల్‌నూ పట్టుకునే శిలీంధ్రనాశక మందు ఆంఫోటెరిసిన్-బి డీఆక్సీకోలేట్ (డీఆక్సీకోలేట్ అంటే మందును నీటిలో కరిగించే పైత్యరస లవణం) విషప్రభావాన్ని, 70 డిగ్రీల వద్ద 20 నిమిషాలు వేడిచేసి తగ్గించాలని ప్రయత్నిస్తున్నాను. సెలైన్‌లో మందు విరిగి అడుగున పేరుకుంటుంది కనుక 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే 0.1 మి.గ్రా./మి.లీ.కు పలుచన చేసి, ఆ తరువాతే వేడిచేస్తున్నాను. మూడుసార్లు కడిగిన ఎర్రకణాలతో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి, 540 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను కొలిస్తే, హీమోలిసిస్ (ఎర్రకణాలు చిట్లడం) 62 నుంచి 55 శాతానికే దిగింది. కొత్త వయల్ తెరిచాను, వాటర్‌బాత్‌ను వేరే థర్మామీటరుతో సరిచూశాను, తేడా లేదు. వేడిచేశాక సన్నని పాలమబ్బు కనిపిస్తున్నా, మందు కాంతి శోషణలో 328 నానోమీటర్ల దగ్గరి శిఖరం మాత్రం, వేడి పనిచేస్తే జరగవలసినట్టు 322 వైపు జరగడం లేదు. వేడిచేయవలసింది 5 మి.గ్రా./మి.లీ. చిక్కటి ద్రావణాన్నా, లేక నేను చేస్తున్నట్టు పలుచన చేశాకనా?